దిద్దులు పోయాక తెలిసిన స్నేహాలు: గుంటూరులో ఒక ఇంటర్ కుర్రాడి కేసు

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయీ, అమ్మానాన్నలూ ఒప్పుకున్నారు. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఎవరి పేరూ రాయడం లేదు.

ఎందుకు వచ్చారు

సెప్టెంబరులో ఒక సాయంత్రం నా కౌన్సెలింగ్ గదికి ముందు తల్లి ఒక్కరే వచ్చారు. కొడుక్కి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, డే స్కాలర్. భర్త మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. సీజన్ మొదలైతే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు తేల్చుకుని ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. ఆవిడ ఇంట్లోనే మిషన్ కుడతారు.

బీరువాలో పెట్టిన బంగారు దిద్దులు కనబడలేదు. నాలుగు రోజులు ఇల్లంతా వెతికారు. ఐదో రోజు అదే వీధిలో ఉండే ఒక కుర్రాడు వచ్చి, "అత్తా, దిద్దులు తాకట్టులో ఉన్నాయి, మీవాణ్ణి కొట్టకుండా అడగండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. కొడుకును నిలదీస్తే ఏడ్చాడు గాని ఎందుకు తీశాడో, ఎవరికిచ్చాడో చెప్పలేదు.

"అంతా సావాసం మేడం. ఆ షెడ్డు కుర్రాడే మావాణ్ణి పాడుచేశాడు. వాడు చేయించకపోతే తాకట్టులో ఉన్నట్టు వాడికెలా తెలుస్తుంది?"

ఈ 'షెడ్డు కుర్రాడు' మా కేసు అబ్బాయికి ఐదో తరగతి నుంచీ స్నేహితుడు. ఇద్దరూ ఒకే మునిసిపల్ స్కూల్లో చదివారు. షెడ్డు కుర్రాడు తండ్రి చనిపోయిన ఏడాదే పదో తరగతి లెక్కల్లో తప్పాడు. అప్పటినుంచి బండ్లు బాగుచేసే షెడ్డులో పని. ఇతని మీద ఆవిడకు ముందునుంచీ సదభిప్రాయం లేదు.

కాలేజీలో కొడుక్కి ముగ్గురు స్నేహితులున్నారు. సెక్షన్‌లో ముందు వరుస పిల్లలు. ఒకరి తండ్రి డాక్టరు. వాళ్ళు ఇంటికి వస్తే ఆవిడ గారెలు వేసి పెట్టేవారు. "వాళ్ళతో తిరిగితే మావాడికీ నాలుగు మార్కులొస్తాయని మేమే ప్రోత్సహించాం" అన్నారు.

మొదటి సెషన్‌లో నా తప్పు

మర్నాడు అబ్బాయి వచ్చాడు. తల వంచుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అయినా ఆ రోజు తల్లి చెప్పిన కథనే వెంటబెట్టుకుని గదిలోకి వెళ్ళాను. షెడ్డు స్నేహితుడితో ఎప్పుడు కలుస్తావు, ఎంతసేపు ఉంటావు, అతనికి అలవాట్లేమైనా ఉన్నాయా అంటూ నలభై నిమిషాలు అతని గురించే అడిగాను. "ఏమో", "తెలీదు", "అలా ఏం లేదు" అన్నవే జవాబులు.

ఆ రోజు సరిగా చేసింది ఒక్కటే. చచ్చిపోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా అని నేరుగా అడిగాను. డబ్బు అప్పు, ఇంట్లో దొంగతనం, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు ఒకచోట కలిసినప్పుడు ఈ ప్రశ్న అడగకుండా పిల్లల్ని పంపకూడదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పెద్దవాళ్ళు భయపడతారు. అలా జరగదు. అతను చాలాసేపు ఊరుకుని, "రెండు రాత్రులు అనిపించింది" అన్నాడు. తల్లిదండ్రులకు ఈ ఒక్క విషయం చెప్పి తీరాలని అతనికి వివరించి, అతని ముందే చెప్పాం. రాత్రి ఒంటరిగా పడుకోబెట్టవద్దన్నాను. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 అతని ఫోన్‌లో ఎక్కించాం. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత ఆరు వారాలు ప్రతి సెషన్ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

కాగితం మీద వలయాలు

రెండో సెషన్‌లో ప్రశ్నలు మానేశాను. తెల్లకాగితం మధ్యలో చిన్న చుక్క పెట్టి, "ఇది నువ్వు" అన్నాను. చుట్టూ మూడు వలయాలు గీశాను. లోపలి వలయంలో, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా తిట్టకుండా ఎత్తేవాళ్ళు. రెండో దాంట్లో రోజూ కలిసి తిరిగేవాళ్ళు. బయటి దాంట్లో ముఖపరిచయాలు. అందరినీ ఎక్కడెక్కడ పెడతావో పెట్టమన్నాను.

కాలేజీ ముగ్గురినీ వెంటనే రెండో వలయంలో రాశాడు. లోపలి వలయం దగ్గర పెన్ను ఆగింది. షెడ్డు స్నేహితుడి పేరు రాశాడు. ఒక నిమిషం చూసి కొట్టేశాడు. మళ్ళీ దాని పక్కనే రాశాడు. ఎందుకు కొట్టేశావు నాన్నా అంటే, "వాడు అమ్మకి చెప్పేశాడు మేడం" అన్నాడు. ఎందుకు మళ్ళీ రాశావు అంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అసలు సంగతి ఆ రోజు బయటికొచ్చింది.

జరిగింది

మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక ఐపీఎల్ రోజుల్లో మొదలైంది. ముగ్గురిలో ఒకడి పెదనాన్న కొడుక్కి బెట్టింగ్ ఐడీ ఉంది. దాని మీద నలుగురూ ఆడేవాళ్ళు. మొదట టాస్ మీద వంద, తర్వాత ఓవర్ మీద రెండొందలు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా వాట్సాప్‌లో ఐడీ దొరకడం ఇప్పటికీ పిల్లలకు కష్టం కాలేదు.

మొదటి వారంలో ఇతనికి పదకొండొందలు వచ్చాయి. తర్వాత ఐపీఎల్ అయిపోయింది, ఆట ఆగలేదు. ఎక్కడెక్కడి దేశాల మ్యాచ్‌లో, ఎప్పుడూ పేరు వినని జట్లు. జూలైకి 6,000 అప్పు. ఆ సంగతి చెప్పుకుంది షెడ్డు స్నేహితుడికి. అతను జీతంలోంచి 3,000 ఇచ్చి, "ఇది కట్టేసి మళ్ళీ ఆడావంటే నా దగ్గరికి రాకురా" అన్నాడు. ఇతను కట్టాడు, మళ్ళీ ఆడాడు. ఆగస్టు చివరికి 18,400.

అప్పుడు ముగ్గురిలో ఒకడు, "మీ అమ్మ దిద్దులున్నాయిగా మామా, రెండు నెలల్లో విడిపించి పెట్టేద్దాం, ఎవరికీ తెలీదు" అన్నాడు. ఐడీ ఉన్న ఆ అన్న వరసైనవాడు తన పేరు మీద 15,000కు తాకట్టు పెట్టాడు.

"ఒక్కసారైనా వద్దు అన్నావా?" అని అడిగాను.

"మూడుసార్లు అన్నాను మేడం."

"ఏమన్నారు?"

"నవ్వారు."

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. కొట్టలేదు, బెదిరించలేదు, నవ్వారు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో థామస్ డిషన్ అనే మనస్తత్వవేత్త, పదమూడు పద్నాలుగేళ్ళ మగపిల్లల్ని స్నేహితులతో మాట్లాడుకోనిచ్చి, వీడియో తీసి, ఒక్కో మాటా లెక్కగట్టారు. కొన్ని జంటల్లో తప్పుడు పని ముచ్చట వచ్చినప్పుడే నవ్వు వచ్చింది, మామూలు కబుర్లకు రాలేదు. ఆ నవ్వులో పెరిగిన పిల్లలే తర్వాతి ఏళ్ళలో ఎక్కువ దారి తప్పారు. నవ్వు అక్కడ జీతంలాంటిది. దేనికి నవ్వితే పిల్లవాడు అదే ఇంకోసారి చేస్తాడు. మా అబ్బాయి దగ్గర అది రెండు వైపులా పనిచేసింది. పందెం కాస్తే మెచ్చుకోలు నవ్వు, వద్దంటే ఎగతాళి నవ్వు.

అసలు ఆ ముగ్గురితో ఎందుకున్నాడు

అతను తెలివితక్కువవాడు కాదు. అప్పు పెరుగుతోందని తెలుసు, తప్పని తెలుసు. మరి ఎందుకు బయటికి రాలేదు? చెడు స్నేహం అని మనం పేరు పెట్టేసినదాంట్లో పిల్లవాడికి దొరుకుతున్న మంచి ఏమిటో కనుక్కోకపోతే కేసు ముందుకు నడవదు.

మునిసిపల్ స్కూలు నుంచి వచ్చి పెద్ద కాలేజీలో చేరాడు. అక్కడ చెప్పేది ఇంగ్లీషులో. మొదటి నాలుగు నెలలు మధ్యాహ్నం క్యారేజీ మెట్ల దగ్గర ఒక్కడే కూర్చుని తినేవాడట. ఇది చెప్పినప్పుడు గొంతు బాగా తగ్గించాడు, దిద్దుల సంగతి చెప్పినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు. నవంబరులో ఒక రోజు ఆ ముగ్గురిలో ఒకడు, "ఇక్కడికి రా మామా" అని పిలిచి పక్కన చోటిచ్చాడు. అప్పటినుంచి తినడానికి తోడు, వెళ్ళడానికి బండి, సెక్షన్‌లో ఒక గుర్తింపు. వీటిని వదులుకోవడమంటే అతని దృష్టిలో మళ్ళీ ఆ మెట్ల మీదికి పోవడం. 18,400 అప్పు కంటే అతనికి ఆ మెట్లే ఎక్కువ భయం.

తండ్రి ఒక సెషన్‌కు వచ్చి, "ఇంట్లో ఇంత బుద్ధిగా ఉండేవాడు వాళ్ళ మధ్యకెళ్తే అంత వెర్రివాడెలా అయ్యాడమ్మా?" అని అడిగారు. ఆయనకు 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ ప్రచురించిన ప్రయోగం చెప్పాను. మొత్తం 306 మంది. కొందరు 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు, కొందరు 18 నుంచి 22, మిగిలినవాళ్ళు 24 దాటినవాళ్ళు. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట. కొందరితో ఒంటరిగా ఆడించారు, కొందరితో తోటివాళ్ళను పక్కన పెట్టి ఆడించారు. తోటివాళ్ళు పక్కనుంటే చిన్నవాళ్ళు బాగా ఎక్కువ ప్రమాదానికి తెగించారు. పెద్దవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. "అంటే మీవాడి బుద్ధి ఎక్కడికీ పోలేదండీ. ఆ వయసులో నలుగురి మధ్యా అది పూర్తిగా పనిచేయదు. అందుకే పక్కన ఎవరుంటున్నారన్నది మనకంటే వాళ్ళకే ఎక్కువ ముఖ్యం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గాని, ఆ రోజు నుంచి కొడుకును వెధవ అనడం మానేశారని తల్లి చెప్పారు.

చేసిన పని

తండ్రి వెంటనే కాలేజీ మాన్పించేస్తానన్నారు. ఫోన్ లాక్కుంటానన్నారు. రెండూ వద్దన్నాను. ఉన్న వలయం తెగ్గొట్టి ఇంకోటి ఇవ్వకపోతే పిల్లవాడు మళ్ళీ అక్కడికే పోతాడు, ఈసారి దొంగచాటుగా పోతాడు.

ముందు డబ్బు. దిద్దులు తండ్రి స్వయంగా వెళ్ళి అసలూ వడ్డీ కట్టి విడిపించారు. మిగిలిన 3,400 కోసం ఆ అన్న వరసైనవాడు ఇంటి దాకా వచ్చాడు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి తండ్రికి ముందే చెప్పి ఉంచాను. "పందెం అప్పు ఇవ్వను, కావాలంటే మీ నాన్నగారితో కలిసి రా, మాట్లాడదాం" అన్నారట. వాడు మళ్ళీ రాలేదు.

తర్వాత నోటుబుక్కు. రెండు వారాలపాటు ఎవరికి 'వద్దు' అని చెప్పినా, చిన్న విషయమైనా సరే, తర్వాత ఏం జరిగిందో రాయమన్నాను. టీకి రాను, ఇవాళ బండి ఎక్కను, రికార్డు ఇవ్వను లాంటివి. స్నేహం ఎలాంటిదో సరదాగా ఉన్న రోజు తెలియదు, వద్దన్న రోజు తెలుస్తుంది. ఇది నేను చెప్పి ఒప్పించలేదు, అతని నోటుబుక్కే చెప్పింది. మొదటి వారం ముగ్గురికీ కలిపి తొమ్మిదిసార్లు వద్దన్నాడు. ఏడుసార్లు ఎగతాళి, ఒకసారి అలక. ఒక్కసారి మాత్రం, ముగ్గురిలో కాస్త నెమ్మదైనవాడు, "సరే రా, నీ ఇష్టం" అన్నాడు. లెక్కల గురించి మాట్లాడే మరో ఇద్దరు పిల్లలున్నారు, లైబ్రరీలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకు రికార్డు ఇవ్వనంటే, "పర్లేదు, రేపిస్తావా?" అన్నారట. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకొచ్చాడు.

మాటలు కూడా సాధన చేశాం. నేను ముగ్గురిలో ఒకడినై, "ఏంట్రా, అమ్మ కొంగు పట్టుకుంటున్నావా?" అని నవ్వేదాన్ని. అతను కారణాలు చెప్పబోయేవాడు. కారణం చెప్పగానే అవతలివాడు దాన్ని పట్టుకుని లాగుతాడు. "ఆడట్లేదు మామా" అని ఆపేయడం నేర్చుకోవడానికి నాలుగు సెషన్లు పట్టింది. మొదట్లో ఆ మాట చెబుతుంటే చేతులు వణికాయి, నాతో అయినా సరే.

ప్రిన్సిపాల్‌ను కలిసి, వివరాలు చెప్పకుండా, సెక్షన్ మార్పు మాత్రం అడిగాం. ఒప్పుకున్నారు.

కొత్త స్నేహం పుట్టడానికి టైమ్ పడుతుంది, ఇది పెద్దవాళ్ళు మరిచిపోతారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ లెక్క ప్రకారం, పరిచయం మామూలు స్నేహం కావడానికి యాభై గంటల దాకా, దగ్గరి స్నేహం కావడానికి రెండొందల గంటలు దాటి పడుతుంది. అవి క్లాసులో పక్కపక్కన కూర్చున్న గంటలు కావు, కలిసి ఊరికే గడిపినవి. మన ఇంటర్ పిల్లలకు ఆ గంటలు ఎక్కడున్నాయి? పొద్దున ఏడింటి నుంచి రాత్రి దాకా క్లాసు, స్టడీ అవర్, టెస్టు. ఇలాంటి రోజులో ఎవరు ముందు పిలిస్తే వాళ్ళతోనే ఉండిపోతారు పిల్లలు. దాన్ని ఎంచుకోవడం అనలేం. అందుకే తల్లిదండ్రుల్ని ఒకటే కోరాను: ఆదివారం సాయంత్రం ట్యూషన్ మాన్పించండి. లైబ్రరీ ఇద్దరితో స్టేడియానికి వెళ్ళనివ్వండి. ఒప్పించడానికి గంట పట్టింది.

షెడ్డు స్నేహితుడు

అబ్బాయి అడిగితేనే అతన్ని పిలిచాను. ఒక ఆదివారం షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. కుర్చీకి మరక అంటుతుందని కూర్చోలేదు. పాత పేపరు పరిచి కూర్చోబెట్టాను.

"చెప్పకపోతే ఇంకా పోయేవి మేడం. ముందు దిద్దులు, తర్వాత గొలుసు. మా నాన్న అప్పులు చూశాను నేను. వాడు నాతో మాట్లాడకపోయినా పర్లేదనుకునే చెప్పాను."

మా అబ్బాయి గోడవైపు చూస్తూ, "నాకే చెప్పొచ్చు కదరా" అన్నాడు.

"జూలైలో చెప్పాగా. విన్నావా?"

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత 3,000 సంగతి వచ్చింది. ప్రతి నెలా కొంత ఇస్తానన్నాడు మావాడు. డబ్బు వద్దు, ఓపెన్ టెన్త్ కడుతున్నాను, లెక్కలు చెప్పు అన్నాడు అతను.

అతన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. లైసెన్స్ లేకుండా కస్టమర్ల బండ్లు ట్రయల్ పేరుతో నడుపుతాడు. మావాణ్ణీ ఎక్కించుకుంటాడు. అది మానమని ఇద్దరికీ గట్టిగానే చెప్పాను. మంచి స్నేహితుడిలో తప్పులుంటాయి. వాటిని పక్కనుండి చెప్పగలగాలి, అంతే.

తల్లితో ఒక సెషన్ విడిగా పెట్టుకున్నాను. కొడుకు నోటుబుక్కు అతని అనుమతితో చూపించాను. "మార్కులు చూశాం, ఇల్లు చూశాం" అని ఆవిడే అన్నారు. ఏం చూడాలి మరి అని అడిగారు. వాళ్ళతో గడిపి ఇంటికొచ్చాక మీవాడి ముఖం ఎలా ఉంటుందో చూడండి, వాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఏదైనా దాస్తున్నాడా చూడండి, వాళ్ళ దగ్గర మీవాడు వద్దు అనగలుగుతున్నాడా అడగండి అన్నాను. ఇంటికి వచ్చిన స్నేహితుడి బట్టలు, కులం, తండ్రి ఉద్యోగం చూసి లోపలికి రానివ్వాలో గుమ్మంలో నిలబెట్టాలో తేల్చే అలవాటు మన ఇళ్ళలో ఎంత లోతుగా ఉందో ఈ గదిలో కూర్చుని రోజూ చూస్తున్నాను. నాకు కోపం వస్తుంది. పిల్లలు నష్టపోతున్నది ఆ గుమ్మం దగ్గరే.

సంక్రాంతి

జనవరిలో మళ్ళీ జారాడు. బాపట్ల వైపు అమ్మమ్మగారి ఊరెళ్ళారు. భోగి రోజు మేనమామే బరి దగ్గరికి తీసుకెళ్ళాడు. కోడి మీద మేనమామ ఐదు వేలు కాశాడు. "నువ్వూ ఒక ఐదొందలు వెయ్యరా, పండగ" అన్నాడు. వేశాడు, పోయింది. అదే రాత్రి పాత ముగ్గురిలో ఒకడికి మెసేజ్ పెట్టాడు, "ఐడీ ఉందా?" అని.

జవాబు రాకముందే మెసేజ్ తీసేశాడు. కనుమ రోజు షెడ్డు స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాడు. సోమవారం నాకు చెప్పాడు. దీన్ని నేను ఓటమిగా రాయడం లేదు. ఆగస్టులో దాచినవాడు జనవరిలో రెండు రోజుల్లో చెప్పాడు. ఆ మేనమామతో మాట్లాడటానికి మాత్రం నేను పడిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. "పండగ పందెం కూడా తప్పేనా మేడం" అంటారు. అలవాటు పడిన పిల్లవాడికి పండగ పందెం వేరు, ఫోన్ పందెం వేరు అని తేడా ఉండదండీ అని మూడుసార్లు చెప్పాను.

ఇప్పుడు

మొత్తం పద్నాలుగు సెషన్లు, ఎనిమిది నెలలు. ఇంటర్ పాసయ్యాడు, అనుకున్నదానికంటే తక్కువ మార్కులతో. ఇంజినీరింగ్‌లో చేరాడు, హాస్టల్లో ఉంటున్నాడు. లైబ్రరీ ఇద్దరిలో ఒకడు అదే కాలేజీ. షెడ్డు స్నేహితుడికి ఓపెన్ టెన్త్ లెక్కల్లో 31 వచ్చాయి, నాలుగు మార్కుల్లో మళ్ళీ పోయింది. ఈసారి కూడా కట్టాడు, వీడియో కాల్‌లో లెక్కలు నడుస్తున్నాయి. తల్లి ఇప్పుడు అతన్ని పేరు పెట్టి పిలుస్తారు.

పాత ముగ్గురి ఇళ్ళకూ తండ్రి అప్పట్లోనే కబురు పెట్టారు. డాక్టరుగారు, తమ అబ్బాయి అలాంటివాడు కాదని ఫోన్ పెట్టేశారు. మిగతా ఇద్దరి ఇళ్ళనుంచీ జవాబు రాలేదు. పోయిన వారం నాకొక ఫోన్ వచ్చింది. ముగ్గురిలో నెమ్మదైనవాడు, "సరే రా, నీ ఇష్టం" అన్నవాడు. నంబరు మావాడే ఇచ్చాడట. అప్పు ఎంతో చెప్పలేదు, ఇంట్లో ఎవరికీ తెలియదన్నాడు. రేపు పదకొండింటికి వస్తున్నాడు. తోడు ఎవరినైనా తెచ్చుకోవచ్చా అని అడిగాడు. తెచ్చుకోమన్నాను.